కాళ్ళ దగ్గర నీలం మంచు

చిలకలూరిపేట,
సోమవారం

ప్రియమైన మా ఆయనగారికి,

ప్రభువు పేరిట వందనాలు. ఇక్కడ నేను క్షేమం, నా తుమ్ములూ క్షేమం. ఇంటివాళ్ళు మేడ మీద మిరపకాయలు ఎండబోశారు. గాలి ఇటు తిరిగితే చాలు, పిల్లల నోట్సులు దిద్దుకుంటూ నేను, గుమ్మం ముందు కట్టేసిన మేక, ఇద్దరం పోటీపడి తుమ్ముతున్నాం. సాయంత్రమయ్యేసరికి మిల్లు వైపు నుంచి దూది నూగు లేచి వీధంతా తేలుతుంది. ఆరేసిన చీర మీదా, టీ గ్లాసులోనూ వాలుతుంది. అది చూస్తే మన ఫోన్ ఆటలో మంచు కురుస్తూ ఉంటుందే, ఆ కొండదారి గుర్తొస్తుంది. ఇది పేట వీధా, ఆ దారా అని కాసేపు తెలియకుండా నిలబడిపోతాను.

నిన్న ఆరాధన నుంచి వచ్చి, తిని, మధ్యాహ్నం ఫోన్ పట్టుకుని కూర్చున్నాను. మీరు దాచేపల్లిలో, నేను ఇక్కడ, వారానికోసారి ఆటలో అయినా కలుద్దామని పెళ్ళైన కొత్తలో మీరే కదా నేర్పారు. ఆటలో మీ వీరుడు బండరాయి డాలు పట్టుకుని తెల్ల డ్రాగన్ నోటికి ఎదురుగా నిలబడ్డాడు. మేమంతా దాని వెనకవైపు. నా తేజ నిప్పు మంత్రాలు విసురుతుంటే ఆ గుహంతా ఎర్రగా, మిరపకల్లంలా ఎంత బాగుందో! సండే స్కూల్ టీచరమ్మ ఆదివారం మధ్యాహ్నాలు మంత్రగత్తె అయిపోతుందని పాస్టరుగారికి తెలిస్తే నా మీద ఉపవాస ప్రార్థన పెట్టిస్తారు.

కానీ నిన్న కూడా మీరే ముందు పడిపోయారు. ఎదురుగా నిలబడ్డ మీకు దాని తోక కనిపించదు. అందుకే తోక లేవగానే మన జట్టులో బుడాన్ మైకులో "తోకా!" అని అరుస్తాడు, మీరు పక్కకి తప్పుకోవాలి. అంతే కదా? వాడు అరిచాడు. మీరు కదల్లేదు. మీరు పడ్డాక మేమెంతసేపు! "ఎలీషా అన్న నిద్రపోతున్నాడా అక్కా?" అని బుడాన్ అడిగాడు. సెల్‌ఫోన్ రిపేరు కొట్టులో కూర్చుని అందరి మీదా అరిచే వాడికి నేనేం చెప్పను?

నాదీ అదే ప్రశ్న. మైకులో మాట్లాడరు. ఫోన్ చేస్తే ఎత్తరు. సిగ్నల్ లేదంటారు. ఆట ఆడేంత నెట్టున్న చోట పెళ్ళాంతో మాట్లాడేంత సిగ్నల్ లేదంటే నమ్మమంటారా? వాట్సాప్‌లో "తిన్నావా", "సరే", అంతకుమించి లేదు. నా గొంతు విసుగొచ్చిందేమో చెప్పండి. ఉత్తరాలు రాయమన్నారు, రాస్తున్నాను. మీ ఊరి సిమెంటు లారీ కోటేష్ చేతికి ఇది, పండుమిరప పచ్చడీ ఇస్తున్నాను.

ఆ డ్రాగన్ చస్తేనే వెనక లోయ తెరుచుకునేది. అక్కడ సరస్సు ఒడ్డున ఇల్లు కట్టుకుందామన్నారు. ఇక్కడెలాగూ ఒక ఇంట్లో లేం, అక్కడైనా ఉండొద్దా?

ఇట్లు,
మీ శాంతి


దాచేపల్లి,
శుక్రవారం

ప్రియమైన తేజమ్మకి,

పచ్చడి అందింది. మూత తీయగానే క్వార్టర్సులో సగం మంది గిన్నెలతో వచ్చారు. ఆటలో నీకు తేజ అని మిరపకాయ రకం పేరు పెట్టుకోమని చెప్పింది నేనే కదా, ఇంత కారం ఉంటుందనుకోలేదు.

నీ గొంతు విసుగేంటి శాంతీ! అలాంటి మాట ఇంకెప్పుడూ రాయకు. ఇక్కడ సిమెంటు ఫ్యాక్టరీ మిల్లు సెక్షన్‌లో పని. ఇంటికొచ్చాక కూడా ఆ హోరు తలలో తిరుగుతూనే ఉంటుంది. ఫోన్‌లో మాటలు ఎటో కొట్టుకుపోతాయి. ఉత్తరమైతే దిండు కింద పెట్టుకుని మళ్ళీ చదువుకుంటాను. నా ఇయర్‌ఫోన్లు పాడయ్యాయి, కొనాలి. ఆదివారం నెట్టు కూడా కాస్త నిదానంగా ఉంది. అందుకే పడిపోయాను.

నువ్వు దూది నూగు గురించి రాశావు. ఇక్కడ చెట్ల ఆకుల మీద సున్నపురాతి దుమ్ము పడుతుంది. పొద్దున్నే షిఫ్టు నుంచి వస్తుంటే వేపచెట్లన్నీ తెల్లగా, చప్పుడు లేకుండా నిలబడి ఉంటాయి. ఆ మలుపు తిరిగితే నువ్వు ఆటలో తేజ వేసుకునే ఎర్ర అంగీ వేసుకుని, చేతిలో నిప్పు పట్టుకుని నిలబడి ఉంటావనిపిస్తుంది. మలుపు తిరిగాక టీ బంకు ఉంటుంది. అయినా రోజూ అలాగే అనుకుంటాను.

వచ్చే వారం రెండు రోజులు సెలవు దొరికింది. వస్తున్నాను.

ప్రేమతో,
నీ బండరాయి


చిలకలూరిపేట,
మార్చి నెల

ప్రియమైన మా ఆయనగారికి,

ప్రభువు పేరిట వందనాలు. మీరు వచ్చి వెళ్ళి ఇన్ని రోజులైనా ఇల్లింకా మీతోనే నిండి ఉన్నట్టుంది. కుక్కర్ కూతలు చూసి స్టవ్ ఆపమంటే అన్నం మాడ్చి వెళ్ళిన ఘనులు మీరు. ఆ గిన్నె ఇంకా తోముతూనే ఉన్నాను, పోనీలెండి.

మీరు వెళ్ళాక వరసగా ప్రతి ఆదివారం మీరు తోక తప్పించుకుంటున్నారు! బుడాన్ ఎగిరి గంతేస్తున్నాడు. డ్రాగన్ పావు ప్రాణం దాకా వచ్చేసింది. ఇంకొంచెం నిప్పు చాలు.

ఆ నిప్పే తక్కువైంది, అది నా వల్లే. ఆట చివర ఎవరు ఎంత దెబ్బ కొట్టారో చూపిస్తుందిగా, అందులో ఈమధ్య అందరికంటే కింద నేనే. బుడాన్ చెల్లెలు ఖుర్షిదా మనకి గాయాలు మాన్పుతూ కూడా నాకంటే ఎక్కువ కొట్టింది. మంచు డ్రాగన్ ఉన్న చోట మంచు మంత్రం వేసేదాన్ని నిన్నే చూశానక్కా అని బుడాన్ నవ్వుతున్నాడు. ఫోన్ తెర మీద వేలు తప్పుతోంది అని చెప్పాను.

ఇక మిమ్మల్ని ఫోన్ చెయ్యమని సతాయించను. ఉత్తరాలే బాగున్నాయి. నిన్న కలలో సరస్సు ఒడ్డున మన ఇల్లు కనిపించింది. మీరు డాలు బోర్లించి దాని మీద బట్టలు ఆరేస్తున్నారు. మంచు కురుస్తోంది, చలి లేదు. ఇద్దరం ఏదో చెప్పుకుంటున్నాం. ఏంటో గుర్తు లేదు కానీ మీరు ప్రతి మాటకీ జవాబిస్తున్నారు.

ఇట్లు,
మీ శాంతి


దాచేపల్లి,
గురువారం

ప్రియమైన శాంతికి,

కోపం తెచ్చుకోకుండా చదువు. నువ్వు నీలం మంచు మంత్రం విసరడం మానెయ్యాలి. అది డ్రాగన్ మీద కూడా పడట్లేదు, వచ్చి నా కాళ్ళ దగ్గర పడుతోంది. దాని మీద నిలబడితే బండరాయి కాళ్ళు బిగుసుకుపోతాయి. అది పడ్డప్పుడల్లా నేను విసుక్కుంటూ పక్కకి జరగాల్సి వస్తోంది. ఆ సమయంలో నువ్వొక నిప్పు మంత్రం వేస్తే డ్రాగన్ ఎప్పుడో పోయేది. నీకు నేర్పింది నేనే, నువ్వెంత బాగా ఆడతావో నాకు తెలుసు. అందుకే బాధ.

ఇంకో మాట. బుడాన్ మెసేజ్ పెట్టాడు. నరసరావుపేటలో ఇమాం హుస్సేన్ అని ఒకతను ఉన్నాడట, అతని మంత్రగాడు నిప్పుల వాన కురిపిస్తాడట. ఈ ఒక్క ఆదివారం నీ చోటులో అతన్ని నిలబెడదామన్నాడు. నేను సరే అన్నాను. లోయ తెరుచుకుంటే ఇల్లు మనిద్దరిదే కదా, ఎవరి నిప్పుతో తెరుచుకుంటే ఏంటి? ఒక్క ఆదివారం పక్కన కూర్చో.

పండుమిరప పచ్చడి అయిపోయింది.

ప్రేమతో,
నీ ఎలీషా


చిలకలూరిపేట,
శనివారం

ఆయనగారికి,

కూర్చుంటాను.

సరే అనే ముందు నన్ను ఒక్క మాట అడగలేదు. అది మాత్రం గుచ్చుకుంది. వారానికి మనం కలిసేది ఆ ఒక్క పూట. అదీ ఇచ్చేశారు.

పచ్చడి పంపడం లేదు.

శాంతి


దాచేపల్లి,
సోమవారం

ప్రియమైన శాంతికి,

నిన్న ఏం జరిగిందో బుడాన్ చెప్పే ఉంటాడు. ఇమాం హుస్సేన్ నిప్పుల వాన కురిపించిన మాట నిజమే. కానీ మొదటి తోకకే నేను పడిపోయాను. మళ్ళీ మొదలుపెట్టాం, మళ్ళీ పడ్డాను. చివరికి బుడాన్ "అన్నా, నీకు వినపడట్లేదా?" అని రాశాడు. తిట్టాలని రాశాడు వాడు. అది చదివి ఫోన్ పక్కన పెట్టేశాను.

వినపడట్లేదు శాంతీ.

ఎడమ చెవి పూర్తిగా పోయినట్టే. కుడి చెవిలో మాట దూది కుక్కిన బోరెం సంచిలోంచి వచ్చినట్టు వస్తుంది. మిల్లులో చెవులకి పెట్టుకోమని ఇచ్చిన మూతల్ని, ఉక్కపోస్తోందని తీసి మేకుకి తగిలించేవాణ్ణి. తప్పు నాదే. ఎదురుగా మనిషి ఉంటే పెదాలు చూసి నెట్టుకొస్తాను. ఫోన్‌లో పెదాలు ఉండవుగా. నువ్వు ఏదో అడిగేదానివి, అవునో కాదో తెలియక నవ్వేవాణ్ణి. ఒకసారి నువ్వు ఏడుస్తుంటే కూడా నవ్వాననుకుంటా, నువ్వు ఫోన్ పెట్టేశావు. ఆ రోజు నుంచే సిగ్నల్ లేదని చెప్పడం మొదలుపెట్టాను.

ఉద్యోగం గురించి భయం ఉంది. దానికంటే నువ్వంటే భయం. పెళ్ళై ఏడాది కాలేదు, చెవిటోణ్ణి కట్టుకున్నానే అని నీకు ఒక్క క్షణం అనిపించినా నేను తట్టుకోలేను. ఆటలో అయితే డాలు పట్టుకుని నీ ముందు నిలబడతాను, అక్కడ నేను గట్టివాణ్ణి. అదైనా మిగుల్చుకుందామనుకున్నాను.

మొన్నటిదాకా తోక ఎలా తప్పించుకున్నానో నాకే అర్థం కావడం లేదు. దేవుడు కనికరించి నా కాళ్ళు ఆయనే జరుపుతున్నాడనుకున్నాను. నిన్నటితో ఆ కనికరం కూడా అయిపోయినట్టుంది.

నువ్వేం చెప్పినా వింటాను. అదే, చదువుకుంటాను.

నీ ఎలీషా


చిలకలూరిపేట,
మట్టల ఆదివారం

ప్రియాతిప్రియమైన మా ఆయనగారికి,

ప్రభువు పేరిట వందనాలు. చేతిలో ఇంకా గుడి నుంచి తెచ్చుకున్న ఈతమట్ట ఉంది, దాన్ని పక్కన పెట్టి ఇది రాస్తున్నాను.

దేవుడు కనికరించిన మాట నిజమే. కాకపోతే ఆ కనికరం నా చేతి మీదుగా వచ్చింది.

మీరు సెలవుకి వచ్చినప్పుడు అన్నం మాడింది గుర్తుందా? కుక్కర్ అరిచి అరిచి అలిసిపోయింది. మీరు దాని పక్కనే కూర్చుని ఉల్లిపాయలు తరుగుతున్నారు. మెల్లగా వచ్చి మీ వెనక నిలబడి "ఏరా ఎలీషా!" అన్నాను. మొగుణ్ణి ఏరా అన్నాను! మీరు తిరగలేదు. మళ్ళీ గట్టిగా, "ఏరా, నన్ను మర్చిపోయావా?" అన్నాను. మీరు ఉల్లిపాయలు తరుగుతూనే ఉన్నారు. పెరట్లోకి వెళ్ళి ఏడ్చాను. నా గొంతు విసుగొచ్చిందా అని రాసిన ఉత్తరం తలుచుకుంటే సిగ్గేసింది.

ఆ తర్వాతి ఆదివారం నుంచే మంచు మంత్రం. తోక లేవడం నాకు కనిపిస్తుంది, మీకు బుడాన్ అరుపు వినపడదు. చేతిలో ఉన్న నిప్పు మంత్రం వదిలేసి మీ కాళ్ళ దగ్గర నీలం మంచు వేసేదాన్ని. కాళ్ళు బిగుసుకుపోతాయని మీరు పక్కకి జరుగుతారని నాకు తెలుసు. మీరు నా మంచుని తిట్టుకుంటూ జరిగిన ప్రతిసారీ తోక మీ పక్కనుంచి పోయింది. అందుకే నా నిప్పు తక్కువైంది, బుడాన్ నవ్వుకున్నాడు, నరసరావుపేట మంత్రగాడు వచ్చాడు.

పక్కన కూర్చోమన్నప్పుడు ఇదంతా రాసెయ్యొచ్చు. రాయలేదు. కోపం కొంత. మీ నోటితో మీరే చెప్పాలని పంతం కొంత. మీరు పడిపోతారని తెలిసీ ఊరుకున్నాను, ఆ పూటంతా మీతో పాటు నేనూ పడ్డాను.

చెవిటోణ్ణి కట్టుకున్నానని ఒక్క క్షణం కూడా అనిపించలేదు. నా దగ్గర దాచుకున్నారే అని మాత్రం చాలా క్షణాలు అనిపించింది. మీరు ఆటలో మాత్రమే గట్టివాళ్ళని ఎవరు చెప్పారు?

బుడాన్ ఫోన్ చేసి "అక్కా, నువ్వు లేకపోతే అన్న నిలబడట్లేదు, రా" అన్నాడు. వస్తానన్నాను. మీ చెవి సంగతి చెప్పలేదు, చెప్పడం చెప్పకపోవడం మీ ఇష్టం. నర్సింగు చదువుతోందిగా, ఖుర్షిదాని మాత్రం ఎవరి గురించో అన్నట్టు అడిగాను. గుంటూరులో చెవి డాక్టరుకి ముందు చూపించాలి, మిషన్ పెట్టుకుంటే చాలామందికి మాట అందుతుందంది. మీతో నేనూ వస్తాను.

ఈస్టర్ సెలవులకి కోటేష్ లారీలోనే దాచేపల్లి వస్తున్నాను, పచ్చడి జాడీతో సహా. ఆ ఆదివారం ఇద్దరం ఒకే మంచం మీద కూర్చుని ఆడదాం. ఇక నీలం మంచు వెయ్యను. తోక లేవగానే మోకాలితో మీ మోకాలు తడతాను, పక్కకి జరగండి. నా నిప్పంతా డ్రాగన్‌కే. లోయ తెరుచుకుంటే మీ డాలు మీద బట్టలు ఆరేసుకుందాం.

ముందు మాత్రం తెల్ల వేపచెట్ల మలుపులో, టీ బంకు దగ్గర నిలబడి ఉండండి. ఎర్ర చీర కట్టుకుని వస్తాను. లారీ దిగి, మీకు ఎదురుగా నిలబడి, ఆ రోజు వంటింట్లో మీ వెనక నిలబడి అన్న మాటే మళ్ళీ అంటాను. నా పెదాలు చూసి చదువుకుని, నలుగురిలో మొగుణ్ణి అంత మాట అంటావా అని నా మీద గట్టిగా కోప్పడండి. బంకు దగ్గర అందరికీ వినపడేలా కోప్పడండి. వినాలని ఉంది.

మీ,
తేజ