పొడి చేతుల ప్రతిజ్ఞ

సోమవారం, పొద్దున్నే

ఇవాళ్టి నుంచి నా అరచేతులకు చెమట పట్టదు. పట్టనివ్వను. అంతే.

ఎందుకో కూడా రాసుకోవాలి, లేకపోతే రేపటికి నేనే మర్చిపోతాను. మా ఫ్యాక్టరీలో చేసేది తనంతట తానే వెలిగే డిస్‌ప్లే తెర. దాని వెనక వెంట్రుక కన్నా ఎంతో పల్చటి లోహపు పూత ఉంటుంది. కరెంటు అందించేది అదే. దానికి కాస్త తేమ తగిలిందా, బొమ్మలో నల్ల చుక్క పడుతుంది. పడి ఊరుకోదు, పెరుగుతుంది. అందుకే తేమ లేని గాజు పెట్టెలో పని. పెట్టె గోడకు బిగించిన రబ్బరు గ్లవ్స్‌లోకి చేతులు దూర్చి, ఆ పూత మీద గాజు మూత అతికించాలి. అతికించేది నేను. మూత వేసిన తెర మొదటిసారి వెలిగినప్పుడు నాకు కలిగే సంతోషం ఇంకెందులోనూ లేదు.

చిక్కేమిటంటే, చేతి చెమట రబ్బరు గుండా కూడా లోపలికి పోతుంది. ఎవరు చేతులు పెట్టినా తేమ మీటరు కాస్త కదులుతుంది. నేను పెడితే లేచి కూర్చుంటుంది. గురువారం, తెరలు కొనే కొత్త పార్టీ కోసం నమూనా తెర చెయ్యాలి. "ఈసారి కూడా మీటరు గీత దాటితే నిన్ను అట్టపెట్టెల సెక్షన్‌కి పంపేస్తాను" అన్నారు సెక్షన్ మేడమ్.

నియమాలు: టీ బంద్. కారం బంద్. కోపం బంద్.

మా ఆవిడ చదివింది. "ఆ మూడోదాని కింద సంతకం పెట్టండి" అంది.

సోమవారం, సాయంత్రం

మీటరు తగ్గింది! పెట్టె పక్కన కూర్చుని అంకెలు పైకి చదవడమే ఉద్యోగంగా ఉన్న పెద్దాయన్ని మేమంతా మీటరు బాబాయ్ అంటాం. ఆయనే స్వయంగా "పర్లేదురా, నయం" అన్నాడు. మనసు పెడితే మనిషికి కానిదేముంది?

మంగళవారం

టీ లేక తల పగిలిపోతోంది. మా ఆవిడ నా ఎదురుగా కూర్చుని టీ తాగింది, జుర్రుమని చప్పుడు చేస్తూ. నేను ఏమీ అనలేదు. రెండో కప్పు పోసుకున్నప్పుడు మాత్రం అన్నాను.

"సంతకం పెట్టారు కదండీ" అంది.

నేనన్నది కోపంతో కాదు. అభిప్రాయం చెప్పాను. అభిప్రాయాలు బంద్ అని ఎక్కడా రాయలేదు.

బుధవారం

టీ అంటే ఏమిటి? వేడినీళ్ళు, పాలు, కాస్త ఆకు. తలనొప్పికి మందుగా అరకప్పు తాగాను. మందు లెక్కలోకి రాదు.

ఇంకో సంగతి తెలిసింది. చెమట పట్టకూడదు అనుకుంటే పడుతుంది. దానికి తోడు మీటరు బాబాయ్ "లేస్తోందిరా, లేస్తోంది" అని అరుస్తుంటాడు. కాస్త నోరు మూసుకో బాబాయ్ అని బతిమాలాను. మూసుకున్నాడు. అది ఇంకా ఘోరం. ఏమైందోనని తిరిగి చూస్తే ఆయన కనుబొమలు లేచి ఉన్నాయి. మీటరు కూడా.

గురువారం

నమూనా తెర రోజు. పొద్దున్నే మూడు టీలు. మిరపకాయ బజ్జీ కూడా తిన్నాను. భయం వేస్తే తినాలి, లేకపోతే కళ్ళు తిరుగుతాయి.

చేతులు పెట్టేముందు చూసుకుంటే అరచేతుల్లో చెరువులు. అప్పుడు కనిపించింది బిళ్ళ. మూత లోపల అతికించే చదరపు బిళ్ళ అది. ఎన్నాళ్ళకైనా లోపలికి దూరే తేమను పీల్చేసి లోహపు పూతను కాపాడడం దాని పని. తెరకు ఒకటే ఇస్తారు.

తెరకు పనికొచ్చేది మనిషికి పనికిరాదా? తీసి కుడి అరచేతికి అతికించుకుని, రెండు చేతులకూ నూలు గ్లవ్స్ తొడుక్కున్నాను. కాస్త చురుక్కుమంది. కానీ మీటరు కదిలితే ఒట్టు! బాబాయ్ లేచి వచ్చి "అవి నీ చేతులేనా?" అన్నాడు.

మరి మూతలోకి బిళ్ళ? ఆలోచించాను. ఇంత పొడి చేతులతో మూత వేశాక ఇక తేమ ఎక్కడి నుంచి వస్తుంది? బిళ్ళ లేకుండానే అతికించేశాను. తెరను పరీక్ష కోసం ఆవిరి పెట్టెలో పెట్టారు.

శుక్రవారం

బిళ్ళ పీకేశాను. అరచేతిలో చదరంగా తెల్లటి మచ్చ, పగిలిపోయిన చర్మం. మంట. కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడిందట, అలా ఉంది నా పని. డాక్టరు మందు రాసి, "ఇది ఎలా అయింది?" అన్నాడు. వంటింట్లో అన్నాను.

ఆదివారం

"చెంచాతో తింటున్నారేంటి?" అంది మా ఆవిడ. నాగరికత అన్నాను. "పిడికిలి కూడా నాగరికతేనా?" అంది.

సోమవారం

తెర వెలిగించారు. నడి మధ్యలో బాగానే ఉంది. అంచుల నుంచి మాత్రం నల్ల చుక్కలు చీమల బారులా లోపలికి వస్తున్నాయి.

మేడమ్ తెరను తిప్పి చూశారు. గాజు మూత లోపల ఒక చదరపు ఖాళీ.

"బిళ్ళ ఏది?"

కుడి పిడికిలి వెనక్కి దాచుకున్నాను.

"చెయ్యి చూపించు."

పిడికిలి విప్పాను. ఆవిడ తెరను నా అరచేతి పక్కన పెట్టారు. ఖాళీ, మచ్చ అచ్చంగా ఒకే సైజు.

"కంచే చేను మేసిందన్నమాట" అన్నాడు మీటరు బాబాయ్. సిగ్గుతో చచ్చిపోయాను.

మేడమ్ గురువారమే తన చేత్తో ఇంకో తెర చేసి ఉంచారట. ఒక్క చుక్క లేదు. పార్టీకి నచ్చింది. నేను అట్టపెట్టెల సెక్షన్‌కి.

తర్వాతి వారం, బుధవారం

అట్టలు మడవడం, టేపు వెయ్యడం. ఏదీ వెలగదు ఇక్కడ. టీ ఎన్నిసార్లు తాగినా అడిగేవాడు లేడు. తాగబుద్ధి కావడం లేదు.

శనివారం

మచ్చ మానింది. వింత ఏమిటంటే చేతులు ఎండిపోయాయి. రోజంతా పట్టుకునే అట్ట చేతుల్లో తడి అంతా లాగేస్తోంది. భోజనాల వేళ బాబాయ్‌కి చూపించాను. ఆయన నన్ను లాక్కెళ్ళి, ఖాళీ గాజు పెట్టెలో చేతులు పెట్టించాడు. మీటరు కదల్లేదు. బిళ్ళ లేదు, ఏమీ లేదు. బాబాయ్ నా చేతులు బయటికి తీయించి, అటూ ఇటూ తిప్పి మరీ చూసి, మళ్ళీ లోపల పెట్టించాడు.

వెనక నుంచి మేడమ్ గొంతు. "సోమవారం నుంచి ఇక్కడికి రా. ఇదే ఆఖరి అవకాశం."

కళ్ళలో నీళ్ళు తిరిగాయి. నిజం చెప్తున్నాను, నాకు అంత ఆనందం ఎప్పుడూ లేదు.

అంతలో బాబాయ్ అన్నాడు: "లేస్తోందిరా, లేస్తోంది."

ఆదివారం

రేపటి నుంచి టీ బంద్. కారం బంద్. కోపం బంద్. సంతోషం కూడా బంద్.

మా ఆవిడ సంతకం పెట్టించుకుంది.