సీసాలో పోసిన నీళ్లు

గట్టుకింది లైన్లు,
గోదావరిఖని.
12 జూలై 2010, సోమవారం.

నీళ్ల ఆఫీసు ఇంజనీరు రఘుపతి సారుకు, గట్టుకింది లైన్లల్ల చివరి నుంచి మూడో ఇంట్ల ఉండే పోశవ్వ రెండు చేతులు జోడించి చెప్పుకునేది. మీరు, మీ ఇంటామె, మీ పిల్లలు సల్లగుండాలె. మీ అమ్మ ఉంటే ఆమెకు నా శనార్థి చెప్పుండ్రి.

మేమిక్కడ క్షేమం అని రాయబోయింది ఈ చంద్రమతమ్మ. కొట్టేయమన్న. క్షేమంగ ఉంటే మీకు ఉత్తరమెందుకు రాయిస్త?

ఈ రాసేటామె సంగతి ముందుగాల చెప్పాలె. నాకు చదువు రాదు. చంద్రమతమ్మ మా పక్కింటామె. పెనిమిటి గనిల ఫిట్టరు, ఇరవై ఏండ్ల కింద కాకినాడ దిక్కు నుంచి వచ్చిన్రు. బాల్వాడీల పిల్లలకు అక్షరాలు చెప్తది. నేను వచ్చిన అంటే వచ్చాను అని రాస్తది, పోయిన అంటే వెళ్లాను అని దిద్దుతది. నా మాట నా లెక్కనే పోవాలె, సారు ముందట నేనే నిలబడ్డట్టు ఉండాలె అని చెప్పిన. అలాగైతే కొంచెం నెమ్మదిగా తిట్టండి పిన్నిగారూ, కలం మీ వెనకాల పరిగెత్తలేకపోతోంది అన్నది. ఇద్దరం జర నవ్వుకున్నం. ఇగ నవ్వుడు అయిపోయింది, రాయి అన్న.

సారూ, మీ ఆఫీసుకు నేను మూడుసార్లొచ్చిన. మొదటిసారి మీరు మీటింగుల ఉన్నరన్నరు. రెండోసారి గేటు కాడ ఖాళీ బిందె బోర్లించి దాని మీద కూసున్న. మీ అటెండరు వచ్చి, అవ్వా ఇక్కడ కూసోవద్దు, దూపైతే చెప్పు అని మూత బిగించిన పెద్ద డబ్బల నుంచి ఒక గ్లాసు వంచిచ్చిండు. ఇవెక్కడియి అనడిగిన. కొనుక్కొస్తమవ్వా, సార్లకు నల్లల వచ్చే నీళ్లు పడయి అన్నడు. మీకు పడని నీళ్లు మాకెట్ల పడతయి నాయినా అన్న. ఆయన గోడ మీద గడియారం చూసుకుంట లోపలికి పోయిండు.

మూడోసారి మీరు దొరికిన్రు. కుర్చీ ఏసి కూసోబెట్టిన్రు, అది చెప్పుకోవాలె. నా కోడలుకు కామెర్లైనయి, మా లైన్ల ఇంకా ఎనిమిది ఇండ్లల్ల ఉన్నయి అని చెప్పిన. మీరు ఫైలు తీసి కాగితం చూపెట్టిన్రు. మే నెలల మీ లైన్ల నీళ్లు పరీక్ష చేయించినం, ఏ దోషం లేదని వచ్చింది, ఆ మిర్చిబండ్ల కాడ తినుడు బందు పెట్టుండ్రి అన్నరు. ఏడు నెలల కడుపుతోని నా కోడలు మిర్చిబండి ముందట నిలబడ్డదా సారూ? ఆ కాగితం చూసినంక లేచి వచ్చిన. ఏదున్నా రాసియ్యమన్నది మీరే. రాయిస్తున్న.

నా కొడుకు వీరేందర్ బొగ్గుబాయిల డ్యూటీ చేస్తడు. కోడలు సంధ్యారాణి కమాన్‌పూర్ పిల్ల. పెండ్లైన ఆరేండ్లకు కడుపు నిలిచింది. పోయిన నెల ఒకనాడు పొద్దుగాల బువ్వ వాసన పడతలేదని బయటికొచ్చి కూసున్నది. ఎండల ఆ పిల్ల కండ్లు చూస్తే పసుపు రాసినట్టున్నయి. ఆటోల దవాఖానకు తోలుకపోయినం. డాక్టరమ్మ నన్ను పక్కకు పిలిచి, అవ్వా, ఇది నీళ్ల నుంచి వచ్చే కామెర్లు, మామూలు మనిషికైతే పండుకొని లేస్తడు, కడుపుతోని ఉన్నోళ్లకు పానం మీదికొస్తది, తల్లీ పిల్లా ఇద్దరి గురించీ చెప్తున్న అన్నది. పన్నెండు దినాలు మంచం పక్కన నేల మీద కూసున్న. వీరేందర్ షిఫ్టు దిగి మొఖం మీద బొగ్గు కడుక్కోకుండనే ఉరికొచ్చేటోడు. నర్సమ్మ బయటనే ఆపి, ముందు కడుక్కోని రా అని తిట్టేది.

ఇప్పుడు పసుపు దిగుతున్నది. మొన్న డాక్టరమ్మ పొట్ట మీద మిషను పెట్టి నాకూ వినిపిచ్చింది. లోపలోళ్ల గుండె గుర్రం లెక్క ఉరుకుతున్నది. నిన్న మా పిల్ల పచ్చిపులుసు తాగుతనని మారాం చేసింది. తిండి మీద మనసు పుట్టిందంటే మనిషి మర్లినట్టే. ఆదివారం ఇంటికి తోలుతమన్నరు. చూసి పోయేటప్పుడు డాక్టరమ్మ, నీళ్లు పైలం అవ్వా, ఇంకోసారి వస్తే నా చేతుల ఉండదు అన్నది. నా గోస అంత ఇదే సారూ. ఆదివారం ఆ పిల్ల ఏ నల్ల కాడికొస్తది?

మా నల్ల ఎట్లొస్తదో మీకు తెల్వది. పొద్దు పొడవకముందు మబ్బుల ఐదున్నరకు ఇడుస్తరు, గంట ఉంటది. మొదలు పది నిమిషాలు చాయ రంగున వస్తయి, వాసనొస్తది. ఆ నీళ్లు వాకిట్ల చల్లి, తర్వాత తేటగ వచ్చేటియి తాగేటానికి పట్టుకుంటం. పైపులు తుప్పు పట్టినయి కావచ్చు అనుకున్నం. ఏండ్ల సంది అట్లనే అనుకున్నం. తేటగ ఉంటే మంచియే అనుకున్నం.

దవాఖాన నుంచి నేనొక్కదాన్నే ఇంటికొచ్చిన రోజు కొబ్బరిచిప్పల సున్నం కలుపుకొని లైను పొడుగూత తిరిగిన. ఎవలింట్ల కామెర్లు పడితే ఆ దర్వాజకు ఒక బొట్టు పెట్టిన. ఇదేం పూజ పోశవ్వా అని ఆడోళ్లు నవ్విన్రు. బొట్లు పెట్టుడైనంక కల్వర్టు మీద నిలబడి అటూ ఇటూ చూసిన. కల్వర్టుకు పైన పదకొండు ఇండ్లు, ఒక్క బొట్టు లేదు. కింద పద్నాలుగు ఇండ్లు, తొమ్మిదింటికి బొట్లు, నా ఇంటితోని కలిపి. ట్యాంకు ఒకటే, పైనోళ్లను దాటి కల్వర్టు కింది నుంచి మాకొచ్చే పైపు ఒకటే. పైనోళ్లూ మిర్చీలు తింటరు సారూ, మాకంటే ఎక్కువనే తింటరు. ముఖ్యంగ గట్టయ్య. ఆయనకేం కాలే.

ఇగ చీర కుచ్చిళ్లు దోపుకొని కల్వర్టు కింద మురికినీళ్ల మోరిల దిగిన. చంద్రమతమ్మ గట్టు మీద నిలబడి, ఈ వయసులో కాలు విరిగితే ఎవరు చూస్తారండీ అని ఒకటే మొత్తుకునుడు. మా ముసలాయన గనిల పని చేసినన్ని దినాలు, తలమీది బొగ్గు కప్పు బాగున్నదని పరీక్ష చేసే సర్దారు సుద్దముక్కతోని తారీఖు ఏసిపోయినా, తనొకసారి కట్టెతోని కొట్టి సప్పుడు ఇన్నంకనే దాని కింద కూసునేటోడు. కాలూ చెయ్యీ మంచిగ ఉండంగనే రిటైరైండు. నేనూ కట్టెతోని పైపు పొడుగూత కొట్టుకుంట పోయిన. నడుమ ఒకకాడ సప్పుడు మారింది. బురద తీసి చూస్తే జాయింటు కాడ ఎవరో పాత సైకిలు ట్యూబు చుట్టిన్రు. అది చివికిపోయింది. ఓపెన్‌కాస్టు గని టిప్పర్లు ఆ కల్వర్టు మీదినుంచే పోతయి, రోడ్డు కుంగి పైపు కుంగింది.

తెల్లారి నల్ల ఇడిసినప్పుడు మల్ల పోయి చూసిన. ఆ సందుల నుంచి నీళ్లు బుడబుడ మోరిలకు వస్తున్నయి. నల్ల బందైనంక బుడబుడ ఆగింది. నాకు చదువు లేకపోతే లేదు గని, నీళ్లు బయటికొచ్చే సందుల నుంచి, పైపు ఖాళీగ ఉన్నప్పుడు మోరి లోపలికి పోదా? ఇరవైమూడు గంటలు పోతది. ఆ నీళ్లే మాకు తెల్లారి మొదలొస్తయి. తర్వాత వచ్చే తేటనీళ్లల్ల కూడ అదే కలుస్తది, కండ్లకు కానరాదు.

నేను అడిగేది ఒకటే. కల్వర్టు కాడ ఆ పైపు మోరిల నుంచి తీసి, మోరికి పైనుంచి కొత్తది ఏయుండ్రి. ఆదివారం లోపల ఏయుండ్రి. తవ్వుడుకు మనుషుల్లేరని చెప్పొద్దు. మొదటి షిఫ్టు దిగి వచ్చేటోళ్లు పద్దెనిమిది మంది మేం తవ్వుతం అన్నరు. భూమి కింద బొగ్గు తవ్వేటోళ్లకు గజం లోతు కాలువ ఒక పనా అని వీరేందర్ దోస్తులు నవ్వుతున్నరు. మీరు పైపిచ్చి, జాయింటు కొట్టే మనిషిని తోలితే చాలు.

అప్పటిదాక మేం ఉత్తగ కూసోలే. పైన పదకొండు ఇండ్లోళ్లు కిందోళ్లకు ఇంటికి రెండు బిందెలు పట్టుకోనిస్తున్నరు. మొదలు గట్టయ్య నా నల్ల కాడికి ఎవ్వలు రావద్దని కట్టె అడ్డం పెట్టిండు. ఆయన ఇంటి దర్వాజ ముందట నిలబడి, రేపు నీ ముందటి రోడ్డు కుంగితే ఏ నల్ల కాడికి పోతవు అనడిగిన. ఇప్పుడు ఆయనే స్టూలు ఏసుకొని కూసొని, ఏయ్ పూలమ్మా నీది మూడో బిందె, ఎనుకకు పో అని లైను నడిపిస్తున్నడు. ఆడోళ్లు ఆయనకు చాయ కూడ పోస్తున్నరు.

సారూ, మీరు చెడ్డోళ్లని నేను అంటలేను. కుర్చీ ఏసిన మనిషిని చెడ్డోడని ఎట్లంట? ఆ కాగితం పక్కకు పెట్టి ఒక్కసారి కండ్లతోని చూడుండ్రి. అంతే. మల్ల పరీక్ష చేయించుండ్రి.

మీ సేవల కూసున్నది కాదు, మీ గేటు కాడ కూసున్నది,
పోశవ్వ
(ఎడమచేతి బొటనవేలు ముద్ర)
రాసినది: చంద్రమతి

తర్వాత రాయించింది:

వేలిముద్ర పడ్డది. చంద్రమతమ్మ కవరు అంటించబోతుంటే ఆగమన్న. ఇంకొక ముచ్చట మిగిలింది.

మీ కాగితం అబద్ధం కాదు సారూ. ఆ నీళ్లు నేనిచ్చినయే.

మే నెల మొదట్ల పూలమ్మ ఇంట్ల కామెర్లు పడ్డయని తెలిసి, మీ ఆఫీసు నుంచి సదయ్య సీసా పట్టుకొని వచ్చిండు. అప్పటికి పదైంది, నల్ల బందై మూడు గంటలు దాటింది. ఎండల సైకిలు తొక్కొచ్చి సెమటలు కక్కుతున్నడు. అవ్వా, మీ ఇంట్ల నీళ్లు దీంట్ల పోసియ్యి అన్నడు. దర్వాజ ముందటికొచ్చి నీళ్లడిగిన మనిషికి మేం వాకిట్ల కాగుల నీళ్లియ్యం. లోపలి కుండలయి ఇస్తం. ఆ కుండలయి కోడలు కోసం పటిక తిప్పి, బట్టల వడగట్టి, బొగ్గుల పొయ్యి మీద మసలబెట్టి సల్లార్చినయి. సీసా రెండుసార్లు కడిగి, అవే నింపి, కొంగుతోని తుడిచి ఇచ్చిన. సదయ్య ఎండకు ఎత్తి పట్టి చూసి, అద్దం లెక్కున్నయవ్వా అన్నడు. పోశవ్వ ఇంటి నీళ్లు ఆఫీసుకు పోతున్నయి, పేరు పోవద్దు అనుకున్న. సదయ్యకూ ఒక చెంబు తాగిచ్చిన.

వారానికి మీ కాగితం రేషను దుకాణం గోడకు అంటించిన్రు. చంద్రమతమ్మనే చదివింది. అందరం సంబురపడ్డం. మసలబెట్టేటోళ్లు మసలబెట్టుడు ఆపిన్రు. నా కోడలుకు పొయ్యి పొగకు దగ్గొస్తుండె. కాగితమొచ్చింది కదా బిడ్డా, పొగల కూసోకు, నల్లనీళ్లే తాగు అని నేనే చెప్పిన. నేనే ముంచిచ్చిన.

మీరు ఫైలుల నుంచి ఆ కాగితం తీసి పెట్టినప్పుడు నేను లేచి వచ్చింది అందుకే. ఇప్పటిదాక ఎవ్వలికి చెప్పలే.

చంద్రమతమ్మ కలం కింద పెట్టింది. ఇది లేకుండా పంపిద్దాం పిన్నిగారూ, తప్పు మీది కాదు, తెలియక చేశారు, లైన్లో వాళ్లు మిమ్మల్ని ఊరికే వదలరు అన్నది. ఇది లేకపోతే సారు నన్ను నమ్ముతడా, కాగితాన్ని నమ్ముతడా అనడిగిన. కండ్లు ఒత్తుకొని మల్ల కలం తీసింది.

ఇయ్యాల సాయంత్రం దవాఖానకు పోయి సంధ్యారాణికి నేనే చెప్త. తిడితే పడత. తర్వాత లైన్ల చెప్త. సదయ్యను ఏమనకుండ్రి, ఆయన నల్ల లేని యాళ్లకు వచ్చిండు, అంతే.

గురువారం మబ్బుల ఐదున్నరకు మీరే రాండ్రి. మొదటి ధారనే పట్టుకోండ్రి. నేను నల్ల కాడనే ఉంట. సీసా మాత్రం నా చేతికియ్యకుండ్రి.