రాజలింగన్న పాడె పట్టేటందుకు

అన్నం, పప్పు వండి మూత పెట్టిన, తిను. నేను కమాన్‌పూర్ పోతున్న. మన రాజలింగన్న పొద్దుగాల పానం ఇడిసిండు.

చెప్దామని డాబా మీదికి వచ్చిన. రాజలింగన్న అనంగనే "మార్కెట్ మూసినంక చెప్పు" అని చెయ్యి ఊపినవ్. ఫోన్ల నుంచి తల గూడ ఎత్తలే.

ఆ కంప్యూటర్ చిప్పుల కంపెనీ షేరు రెట్టింపైతే అమ్ముతనన్నవ్. అయ్యి నెల దాటింది. ఇంకింత పెరగనీ అనుకుంటనే ఉన్నవ్. పడితే అన్నం తినవ్, పెరిగితే కిందికి దిగవ్. ఇయ్యాల అమ్ముతవో, ఎప్పుడు అమ్ముతవో, ఇగ నేను అడగ.

బొగ్గు బాయిల కప్పు కూలినప్పుడు నిన్ను ఈపు మీద ఏసుకొని బయటికి తెచ్చింది ఆయననే గదా. "అంజయ్య కాక పాడె పడ్తడా చిన్నమ్మా" అని ఆయన కొడుకు సంపత్ ఫోన్ల ఏడ్సిండు. పడ్తడనే చెప్పిన. ఇంకేం చెప్పాలె? మధ్యాహ్నం దాకనే ఆపుతరట.

నీ తువ్వాల దండెం మీద ఉన్నది, తెచ్చుకో. ఈ చీటీ నీకు ఆలస్యంగ దొరికితే ఆళ్ళింటికి పోకు, అక్కడ ఎవ్వలుండరు. సీదా శ్మశానానికే రా.