పాత నవ్వుకు కొత్త పన్ను

ప్రియమైన పళ్ళ కంసాలికి,

పై వరసలో ముందు పన్ను సగానికి విరిగింది. బాదంపప్పుతో పంతానికి పోయాను. అదే గెలిచింది. మీ తాతయ్య మతిమరుపు నీకు తెలిసిందే. అందరినీ మరిచినా నన్ను మాత్రం పోల్చుకునేవారు. పన్ను విరిగిన మర్నాటి నుంచి నన్ను 'మీరు' అంటున్నారు. నిన్న కాఫీ ఇస్తే, "మీకెందుకండీ శ్రమ, మా ఆవిడ వచ్చి ఇస్తుంది" అన్నారు. ఇన్నేళ్ళ కాపురంలో దొరకని మర్యాద. నాకు అక్కర్లేదు. పళ్ళ డాక్టరు కొలతలు నువ్వు పళ్ళు చేసే ల్యాబుకే పంపుతున్నాడు. నా పన్ను నాకు చేసిపెట్టు.

బోసినోటి అమ్మమ్మ

ప్రియమైన అమ్మమ్మా,

విరిగినదాని మీద తొడిగే నీ పన్ను పంపించాను. లిథియం డైసిలికేట్ అనే పింగాణీ అది. దిమ్మగా ఉన్నప్పుడు వంగపండు రంగు, చెక్కడానికి లొంగుతుంది. ఎనిమిది వందల డిగ్రీలు దాటిన ఫర్నేసులో పెడితే లోపల సూదుల్లాంటి స్ఫటికాలు పెరిగి, ఒకదాన్నొకటి పెనవేసుకుని గట్టిపడతాయి. రంగూ పంటి రంగుకు తిరుగుతుంది. వెలుతురు కాస్త లోపలికి దిగుతుంది కాబట్టి సున్నం కొట్టినట్టుండదు. తాతయ్య పోల్చుకోగానే రాయి.

నీ కంసాలి

ప్రియమైన కంసాలీ,

డాక్టరు తాత్కాలికంగా అతికించాడు. పన్ను ముత్యంలా ఉంది, వచ్చిన చిక్కే అది. మీ తాతయ్య తేరిపార చూసి, "పనిలో కొత్తగా చేరారా?" అని అడిగారు. ఇరవై ఏళ్ళ పిల్ల పన్ను నిన్నెవరు చెయ్యమన్నారే? దాని పక్క పళ్ళు జీవితమంతా కాఫీ తాగాయి. నా పాత పన్నుకు ఎడమ అంచు అరిగి ఉండేది, నడుమ వెంట్రుకంత గీత. చిన్నప్పుడు నా నోట్లో వేలుపెట్టి లెక్కపెట్టేదానివి, గుర్తు తెచ్చుకో.

కొత్తగా చేరిన అమ్మమ్మ

ప్రియమైన అమ్మమ్మా,

మళ్ళీ చేశాను. అంచు అరగదీసి, పసుపూ గోధుమా రంగులు పూసి, గీత పెట్టి కాల్చాను. మా మేస్త్రీ చూసి, "ఇంత ముసలి పన్నా? డాక్టరు తిప్పికొడతాడు" అన్నాడు. "మా తాతయ్య తిప్పికొట్టకపోతే చాలు" అన్నాను. కానీ అమ్మమ్మా, పన్ను కుదిరినా ఆయన పోల్చుకోకపోతే?

నీ మనవరాలు

ప్రియమైన తల్లీ,

నువ్వు భయపడ్డదే జరిగింది. పోల్చుకోలేదు. పంటిలో లోపం లేదు, ఏది కొత్తదో డాక్టరే వెతుక్కున్నాడు.

సాయంత్రం కిటికీ దగ్గర దేనికో నవ్వాను. మీ తాతయ్య చాలాసేపు చూసి, "మీ నవ్వు అచ్చం మా ఆవిడ నవ్వేనండీ" అన్నారు.

"ఆవిడ ఎలాంటిదండీ?"

"నోరు మంచిది కాదు."

లేచి వెళ్ళిపోదామనుకున్నాను.

"కానీ ఇంట్లో ఆవిడ గొంతు వినపడకపోతే నాకు అన్నం సయించదు" అన్నారు.

ఈ ముక్క నాతో ఒక్కనాడూ అనలేదు. ఆవిడ గురించి ఇంకా చాలా చెప్పారు. ఒక్క మాటకూ అడ్డం రాకుండా విన్నాను. రేపు కూడా రమ్మన్నారు. వస్తానన్నాను.

అమ్మమ్మ