వెండి నీళ్లకు ఎంత వేడి?

బావమరిదికి,

దీవెనలతో మొదలుపెట్టాలనే ఉంది గానీ కోపం అడ్డొస్తోంది.

నేనడిగిందేమిటి? సర్వరోగాలకీ మందని చెప్పే వెండి నీళ్లు ఇంట్లో చేసుకోవాలంటే నీళ్లు ఎంత వేడిగా ఉండాలని. నువ్వు రాసిందేమిటి? "వేడెక్కినకొద్దీ కరెంటు జోరుగా పారుతుంది బావగారూ" అని ఒక్క ముక్క! నీళ్లు పరీక్షించే ల్యాబులో ఇరవై ఏళ్లుగా ఉన్నావు, ఎన్ని డిగ్రీలో చెప్పలేవూ?

జోరు మంచిదే కదా అని నీళ్లు కుతకుతలాడించాను. రెండు వెండి రేకులు ముంచి, బ్యాటరీలు తగిలించి సరిగ్గా అరగంట ఉంచాను. గడియారాలు బాగుచేసేవాడి అరగంటంటే అరగంటే. చల్లారాక చూస్తే కాటుక కడిగిన నీళ్లు! వేడి చూద్దామని జ్వరం థర్మామీటరు ముంచితే అది కాస్తా పగిలింది. అంతా పారబోశాను.

సోమవారం నుంచి నేనూ మీ అక్కా రోజూ తాగుతాం. ఆవిడ దగ్గుకి మూలం టీ అని కనిపెట్టి, ఇంట్లో టీ మాన్పించాను కూడా. పుట్టి బుద్ధెరిగాక నేనా విషం నోట పెట్టలేదు. నాకుందా దగ్గు?

డిగ్రీలు వెంటనే రాయి.

మండిపడుతూ,
నీ బావ

తా.క. రేకులెక్కడివంటావేమో. మీ అమ్మ మీ అక్కకిచ్చిన వెండి గ్లాసు ఊరికే బీరువాలో పడి ఉంది. అంచు కోశాను. ఇంకా బాగానే నిలబడుతోంది.

*

బావగారికి నమస్కారాలు.

అమ్మ గ్లాసు కోశారా!

నేను చెప్పింది కరెంటు సంగతి. తాగమని ఎప్పుడన్నాను? నీళ్లు వేడిగా ఉంటే వెండి ఎక్కువ దిగి రంగు ముదురుతుంది, చల్లగా ఉంటే నెమ్మదిగా, లేతగా వస్తుంది. ఏదీ తాగేది కాదు. వెండి ఒంట్లో చేరితే చర్మం బూడిద నీలంగా మారుతుంది, ఇక జన్మలో మామూలు రంగుకి రాదు. అక్కని డాక్టరుకి చూపించండి. ఆవిడ గొంతులో ఒక్క చుక్క పోశారో, బస్సెక్కి వచ్చి మీ బ్యాటరీలు వీధిలో పారేస్తాను.

మీ మీద పట్టరాని కోపంతో,
బావమరిది

తా.క. థర్మామీటరులో ఉండేది పాదరసం. కిటికీలు తెరవండి, చేత్తో ముట్టుకోకండి. ఈ ఒక్కటీ ప్రేమతో రాస్తున్నాను.

*

బావమరిదికి,

చల్లటి నీళ్లకు లేత రంగని నువ్వే ఒప్పుకున్నావు. నాకా ముక్క చాలు.

సోమవారం చన్నీళ్లు పెట్టాను: గడ్డి రంగు. మంగళవారం గోరువెచ్చనివి: తేనె రంగు. బుధవారం మరిగినవి: ఇటుక రంగు. బ్యాటరీలు తీసి, మూతపెట్టి దుకాణానికెళతాను. మధ్యాహ్నానికి చల్లారి రంగు తేలుతుంది. మూడూ వగరే! వెండి దిగిందనడానికి ఇంకేం సాక్ష్యం కావాలి? తాగాక కునుకు పట్టడం లేదు, ఒంట్లో అంత ఓపిక! మొదట ముఖం చిట్లించిన మీ అక్క ఇప్పుడు రెండో గ్లాసు అడుగుతోంది. నేనే స్వయంగా పోసిస్తున్నాను.

చర్మం నీలమవుతుందట! నన్ను చూసి నువ్వే కుళ్లుకుంటున్నావు.

ఇంకా చల్లారని,
నీ బావ

తా.క. బుధవారం సీసా పంపుతున్నాను. పరీక్షించి తలదించుకో. అన్నట్టు, పాత రేకులు అరిగిపోతే ఇంకో రెండు కోశాను. గ్లాసిప్పుడు కప్పంత అయింది.

*

బావగారికి,

నమస్కారం పెట్టబుద్ధి కావడం లేదు, అయినా పెడుతున్నాను.

మీ సీసాని ముగ్గురం మూడుసార్లు పరీక్షించాం. అందులో వెండి జాడే లేదు. అమ్మ గ్లాసు అన్యాయంగా నాశనం చేశారు. చేతనైన పని చేసుకోండి, గడియారాలకి కీ ఇచ్చుకోండి!

ఇంతకంటే మర్యాదగా రాయలేని,
బావమరిది

తా.క. మా ఆఫీసరు మూత తీసి వాసన చూసి, ఎక్కడో తాగినట్టుందే అన్నాడు. ఆయన మాటకేం లెండి.

*

దొంగా!

కంటికి భూతద్దం బిగించుకుని మరీ చూశాను. రేకులు కాగితాల్లా అయ్యాయి. ఆ వెండి నీళ్లలో లేకపోతే ఎక్కడికి పోయింది? నా సీసాలోంచి నువ్వే లాగేసి, ఉత్త నీళ్లని రాసిచ్చావు! అక్క పుట్టింటి వెండి మీద కన్నేసిన తమ్ముణ్ణి నిన్నే చూశాను. రేపు పొద్దున్న గ్లాసు మొత్తం ముక్కలు చేసి ఒకేసారి ముంచుతాను. ఎలా లాగుతావో చూస్తాను.

ఇకమీదట నీకేమీ కాని,
బావ

తా.క. ఈ ఉత్తరం తనే పోస్టు చేస్తానని మీ అక్క అడిగి తీసుకుంది. ఆవిడకీ నీ మీద ఒళ్లు మండుతున్నట్టుంది.

*

ఒరేయ్ తమ్ముడూ,

మీ బావ ఉత్తరంతో పాటు ఈ పొట్లం కూడా అందుకో. అందులో ఉన్నది అమ్మ గ్లాసు, మిగిలినంత. రేపు ఆయన కత్తెర పట్టుకుని బీరువా తెరుస్తారు. తెరవనీ.

నన్నొక మాటైనా అడక్కుండా కోశారురా. పైగా నా టీ మానిపించారు. నీ మీదా కోపమే, ఆ వేడీ కరెంటూ గొడవ ఆయనకెందుకు రాశావు? కానీ తాగొద్దని నువ్వు రాసిన ఉత్తరం సోమవారం పొద్దున్నే ముందు నా చేతికి వచ్చింది. చదివాను. ఆయన దుకాణానికి వెళ్లగానే ఆ నీళ్లు సింకులో పారబోశాను. వేడికి ముదురు, చలికి లేత అని నువ్వే రాశావుగా, ఆ లెక్కనే టీ కాచి పోస్తున్నాను. రోజూ ఆయన చేత్తో పోసిస్తుంటే పక్కనే కూర్చుని తాగుతున్నాను. దగ్గు సంగతి డాక్టరుకి చూపించుకున్నాను, కంగారు పడకు.

గ్లాసు జాగ్రత్త.

నీ అక్క

తా.క. వగరు ఎక్కువైందని నిన్న ఆయనే చెంచాడు పంచదార కలుపుకున్నారు. రేపో మాపో పాలు కూడా అడుగుతారు. అప్పుడు చెబుతాను.