ఎడమచేతి తొడుగు

అక్టోబరు 4, 1936
అమ్మకి నెలలు నిండాయి. మంత్రసాని గుద్‌ఫిన్నా వచ్చి, మా కాఫీ తాగి, నాకే సుద్దులు చెప్పి వెళ్లింది. ఈస్లీవుర్‌ని పేరు పెట్టి పిలుస్తావేమే, మారుతండ్రిని నాన్నా అంటే నోట్లోంచి ముత్యాలు రాలిపోతాయా అంది. ఊరికి మారుతండ్రేమో. నాకు అమ్మ మొగుడు, అంతే. నాన్న సముద్రంలో పోయి మూడేళ్లే అయింది.

అక్టోబరు 9
పొద్దున అంబలి తింటూ ఈస్లీవుర్ తన కల చెప్పాడు. తడిసి ముద్దయిన మనిషి మా గుమ్మంలో నిలబడ్డాడట. కుడిచేతికి ఉన్ని తొడుగుందట. ఎడమచెయ్యి మాత్రం ఖాళీగా, నీలంగా ఉందట. ఈస్లీవుర్ మా నాన్నని ఎప్పుడూ చూడలేదు. ఇంట్లో ఫోటో కూడా లేదు.
అమ్మ చెంచా కింద పెట్టేసింది. అది మీ నాన్న స్టెయిన్‌థోరే, పుట్టే బిడ్డకి తన పేరు అడుగుతున్నాడు అంది. పోయినవాళ్లు కలలోకొచ్చి అడిగితే ఆ పేరు పెట్టాల్సిందే. లేకపోతే బిడ్డ దక్కదంటారు.

అక్టోబరు 10
ఆ ఎడమచేతి తొడుగు నా పెట్టెలో ఉంది.

అక్టోబరు 15
రాసేస్తాను. నాన్న పోయిన రోజు రెయ్‌క్యావిక్ రేడియోలో తుఫాను అన్నారు. తొడుగు లేకపోతే నాన్న చేపల వేటకి వెళ్లడనుకుని దాచేశాను. వెళ్లాడు. ఉత్త చేత్తో తెడ్డు పట్టుకుని వెళ్లాడు. చెయ్యి కొంకర్లు పోయి తెడ్డు జారిందేమో. నేనే చంపానేమో. ఎవరికీ చెప్పలేదు.

అక్టోబరు 21
తమ్ముడు పుట్టాడు. పాలు తాగడం లేదు. ఈస్లీవుర్ తొలి కొడుక్కి తన తండ్రి పేరు పెడతానని ఆయన పోయేటప్పుడు మాటిచ్చాడు. ఏం చెయ్యాలో తోచక తిరుగుతున్నాడు. మళ్లీ అదే కల. ఆ మనిషి నోరు విప్పడట. ఎడమచెయ్యి చాపుతాడట.

అక్టోబరు 23, మధ్యాహ్నం
చేపలు ఎండేసే పాకలో ఈస్లీవుర్‌కి అంతా చెప్పేశాను. తొడుగు చేతికిచ్చాను. దానికి రెండు బొటనవేళ్లు, ఒకవైపు అరిగితే తిప్పి వేసుకోవడానికి. అటూ ఇటూ తిప్పి చూశాడు. తిడతాడనుకున్నాను. పదకొండేళ్ల పిల్ల దాచిన ఉన్నికి మనుషులు మునిగిపోరమ్మా, ముంచింది సముద్రం అన్నాడు. వెక్కివెక్కి ఏడ్చాను. తర్వాత ఒక్కడే పడవ వేసుకుని వెళ్లి, తొడుగుని నీళ్లలో వదిలి వచ్చాడు.

అక్టోబరు 25, ఆదివారం
తమ్ముడి బాప్తిస్మంలో పాస్టర్ ఏం పేరని అడిగాడు. ఈస్లీవుర్ గొంతు సవరించుకుని, స్టెయిన్‌థోర్ అన్నాడు. సాయంత్రం తమ్ముడు పాలు తాగాడు.

అక్టోబరు 26
నాన్న మళ్లీ ఈస్లీవుర్ కలలోకి వచ్చాడట. రెండు చేతులకీ తొడుగులున్నాయట. ఈసారి మాట్లాడాడట, నా కూతురు నిన్నేమని పిలుస్తుంది అని. పేరు పెట్టే పిలుస్తుంది అన్నాడట ఈస్లీవుర్. అయితే నాన్నా అనే దాకా ఉండి వింటాను అని పడవ వైపు నడిచాడట.

అక్టోబరు 27
ఈస్లీవుర్ ఒక్కడే వేటకి బయల్దేరాడు. తొడుగులు ఒడ్డున మర్చిపోయాడు. నాన్నా అని కేకేశాను. పడవలో ఇద్దరు వెనక్కి తిరిగారు.