ఇద్దరు దొమితీలలు

పూయెబ్లా, మే 13

ఆంపారో అక్కకు,

నా దగ్గు తగ్గింది, అమ్మను దిగులుపడవద్దని చెప్పు.

మా మగ్గాల షెడ్డులో కొత్తగా చేరిన పిల్ల పేరు కూడా దొమితీలే. నా గదిలోనే ఉంటోంది. ఆ పిల్ల వచ్చినప్పటి నుంచి దొమితీల అంటే అందరికీ ఆమే. నేను ‘పాత దొమితీల’నయ్యాను.

నిన్న మా ఇద్దరి పేరున్న పునీతురాలి పండుగ. తెల్లవారుతుండగా కిటికీ కింద గిటారు మోగింది. పాడుతున్నది ఫెర్మీన్. మగ్గాలు బాగుచేసే అతనే, నీకు రాశాను కదా. పాటలో నా పేరు వినపడగానే గబగబా జుట్టు ముడివేసుకుని కిటికీ తెరిచాను.

“అయ్యో, నువ్వు కాదమ్మా! ఇంకో దొమితీలని పిలు,” అన్నాడు. వెంట వచ్చినవాళ్లు పగలబడి నవ్వారు.

ఆ పిల్ల లేచి వచ్చి, “నా పేరున్న మనిషిని నవ్వులపాలు చేసినోడి పాట నాకెందుకు? పో!” అని కిటికీ రెక్కలు మూసేసింది. తర్వాత నాకు చాక్లెట్ కాచి ఇచ్చింది. తాగాను గానీ కడుపుమంట చల్లారలేదక్కా. అతను నాకోసం పాడి ఉంటే, ఎవరికోసమైనా నేనలా కిటికీ మూయగలిగేదాన్నా?

నా నీలం శాలువా ఎవరైనా ఇటు వస్తుంటే పంపు. నల్లకోడి పొదిగిందా? అమ్మ పన్ను పీకించారా?

మరియమాత దయవల్ల నీకు సుఖప్రసవం కావాలి. ఆడపిల్ల పుడితే తన చెల్లెలి పేరు పెట్టాలంటున్నాడట బావ. ఒప్పుకోకు. నా పేరే పెట్టు. నన్ను తలుచుకుని ఆ పేరు పెట్టిన మనిషి ఒక్కతైనా ఉండాలి నాకు.

నీ చెల్లెలు
దొమితీల